పేజీ కట్టే పని



నేను ప్రొడక్ట్ డిజైనర్‌ని. ఈ మాట చెప్పగానే సబ్బుపెట్టె మీది బొమ్మో, కొత్త మోడల్ మిక్సీ ఆకారమో గీస్తాననుకునేవాళ్లు మా చుట్టాల్లో ఇప్పటికీ ఉన్నారు. నేను చేసే వస్తువు చేతికి దొరకదు. మీరు ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టేటప్పుడు సర్వీసు నంబరు ఎక్కడ కొట్టాలి, ఒక అంకె తప్పు పడితే తెర మీద ఏం కనిపించాలి, డబ్బు కట్టేముందు పేరు చూపించి ఈ ఇల్లేనా అని అడగాలా అక్కర్లేదా, బ్యాంకులోంచి సొమ్ము పోయి రసీదు రాకపోతే ఆ నిమిషంలో కంగారుపడే మనిషికి ఏం చెప్పాలి, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించి పెట్టాలి. ఆ ఆలోచించడమే నా ఉద్యోగం. జీతం దానికే ఇస్తారు. ఉద్యోగ వేళలు అయ్యాక, సెలవు రోజుల్లో, ఎవరూ అడక్కపోయినా నేను చేసే పని ఇంకొకటుంది. వెబ్‌సైట్లు కడతాను. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నా చేత్తో రాసి కడతాను. ఈ రెండో పనే నాకు మొదటి పని నేర్పింది. ఇవాళ ఆ సంగతే మీతో చెప్పాలని వచ్చాను.

ముందుగా ఒక చిన్న గడి గురించి చెబుతాను. ఓటీపీ గడి. రోజూ మీకు ఎదురయ్యేదే. బొమ్మ గీసేటప్పుడు డిజైనర్లకు ఆరు విడివిడి గళ్లు గీయడమంటే మోజు. ఒక్కో గడిలో ఒక్కో అంకె, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు దాన్ని ఒక పాత ఫోన్‌లో పెట్టి చూడండి. మెసేజ్ తెర పైభాగాన ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. ఆ మనిషి మెసేజీల్లోకి వెళ్లి, నంబరు చూసి, పైకి అనుకుంటూ వెనక్కి వస్తాడు. ఫోన్‌లో మెమరీ తక్కువ కాబట్టి ఈలోపు బ్రౌజర్ ఆ పేజీని వదిలేసి మళ్లీ మొదటినుంచి తెస్తుంది. అప్పటిదాకా నింపిందంతా పోతుంది. పోనీ నంబరు కాపీ చేసుకొచ్చి అతికిద్దామంటే, జాగ్రత్తగా కట్టని ఆరు గళ్లలో మొదటి అంకె ఒక్కటే పడి మిగతావి రాలిపోతాయి. అదే ఒక్క పొడుగాటి గడి పెట్టి, అంకెల కీబోర్డు వచ్చేలా చేసి, ఇది ఒక్కసారి వాడే నంబరు అని బ్రౌజర్‌కు తెలిసేలా కోడ్‌లో ఒక్క మాట రాసిపెడితే, చాలా ఫోన్లలో మెసేజ్ రాగానే ఆ నంబరు కీబోర్డు మీదే వచ్చి కూర్చుంటుంది. వేలితో తాకితే చాలు. ఆ ఒక్క మాట ఉందన్న సంగతి బొమ్మలు మాత్రమే గీసినంతకాలం తెలియదు. పేజీ కట్టినవాళ్లకే తెలుస్తుంది.

మా ఆఫీసుల్లో గీసేవాళ్లు వేరు, కట్టేవాళ్లు వేరు. నేను చేరిన కొత్తలో ఫొటోషాప్‌లో బొమ్మలు గీసి కోడ్ రాసేవాళ్ల చేతిలో పెట్టేవాళ్లం. ఇప్పుడు అందరం ఫిగ్మాలో గీస్తున్నాం. 2012లో మొదలై, 2016లో అందరికీ అందుబాటులోకి వచ్చిన పనిముట్టు అది. పదిమంది ఒకే కాగితం మీద ఒకేసారి గీసినట్టుగా బ్రౌజర్‌లోనే పని జరుగుతుంది. మంచి పనిముట్టు, నాకు రోజూ అన్నం పెడుతోంది. కానీ అందులో గీసింది బొమ్మే. బొమ్మలో సిగ్నల్ ఎప్పుడూ పోదు. బొమ్మలో మనుషుల పేర్లన్నీ పొట్టిగా, గడిలో సరిపోయేలా ఉంటాయి. వెంకట సత్యనారాయణమూర్తి గారు బొమ్మలోకి రారు. ఆయన నిజమైన పేజీలోకి వస్తారు, అప్పుడు ఆయన పేరు సగంలో తెగిపోతుంది.

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు పెట్టడం విదేశాల్లో పుట్టిన అలవాటు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. ఏ గడిలో ఏది రాయాలో తెలియక, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా, అమెరికా యూనివర్సిటీ దరఖాస్తులో ఇంకోలా పేరు పడ్డ తెలుగు పిల్లలు ఎంతమందో. తర్వాత ఆ ముగ్గురూ ఒకరేనని రుజువు చేసుకోవడానికి తిరగాలి. "మీ పూర్తి పేరు" అని ఒకే గడి పెట్టడం కుదిరేచోట అలా పెడితే ఈ తిప్పలు లేవు. అలాంటి చోట రెండు గళ్లు గీసినవాళ్లది చెడ్డబుద్ధేం కాదు. ఆ గడి ముందు కూర్చునే మనిషిని వాళ్లు చూడలేదు, అంతే.

పోచంపల్లి చీర చూసే ఉంటారు. అక్కడ నేశాక రంగు వెయ్యరు. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కేసరికి డిజైన్ నూలులోనే ఉంటుంది. కాబట్టి అక్కడ డిజైన్ వేసే మనిషికి నూలు ఎంత సాగుతుందో, రంగు ఎంత పాకుతుందో తెలియకుండా కుదరదు. వెబ్ పేజీ కూడా అలాంటి సరుకే అని నా గట్టి నమ్మకం. దాని నూలు తెలియకుండా దాని అందం కుదరదు.

ఆ నూలు ఎక్కడ పుట్టిందో కొంచెం చెప్పాలి. జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పనిచేసే టిమ్ బెర్నర్స్ లీ అనే బ్రిటిష్ ఇంజినీరు 1989 మార్చిలో ఒక ప్రతిపాదన రాశాడు. దేశదేశాల శాస్త్రవేత్తలు వస్తూ పోతూ ఉండే చోట ఎవరి కాగితాలు ఏ కంప్యూటర్‌లో ఉన్నాయో తెలియక అల్లాడుతున్నారు, ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి తాకగానే వెళ్లే దారి ఉంటే బాగుంటుందని. 1990 చివరికి నెక్స్ట్ అనే కంప్యూటర్ మీద దాన్ని పనిచేయించి చూపించాడు. ఆయన తయారుచేసిన మొట్టమొదటి బ్రౌజర్‌లో పేజీని చదవడమే కాదు, అక్కడికక్కడే రాయడానికీ వీలుండేది. చదివేవాడే రాసేవాడు కావాలన్నది పుట్టుకలోనే ఉన్న ఆలోచన. తర్వాత జనంలోకి వెళ్లిన బ్రౌజర్లలో రాసే భాగం పోయి చదివే భాగమే మిగిలింది. ఆ పోయిన సగాన్ని నా మట్టుకు నేను తిరిగి తెచ్చుకుంటున్నాననే భావన, పేజీ కట్టడానికి కూర్చున్న ప్రతిసారీ నాకు కలుగుతుంది.

1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని రాసిచ్చేసింది. ఈ తేదీ మన పిల్లల పుస్తకాల్లో ఉండాలనిపిస్తుంది నాకు. ఆ సంతకం లేకపోతే ఇవాళ ఒక్కో పేజీకి ఒక్కో కంపెనీకి సుంకం కట్టేవాళ్లమేమో. ఇంకొక సంగతి. లోకంలోని మొదటి వెబ్‌సైట్‌ను సెర్న్ 2013లో దాని పాత చిరునామాలోనే మళ్లీ నిలబెట్టింది. మీ చేతిలోని ఫోన్‌లో అది ఇప్పుడు కూడా తెరుచుకుంటుంది. అప్పటి కంప్యూటర్లన్నీ మ్యూజియాల్లోకి చేరాయి. పేజీ మాత్రం బతికే ఉంది, చదువుకోవచ్చు. సాదాసీదాగా రాసిన పేజీకి అంత ఆయుష్షు ఉంటుంది. నేను ఉద్యోగంలో డిజైన్ చేసిన యాప్‌లలో కొన్ని ఇప్పుడు ఏ ఫోన్‌లోనూ తెరుచుకోవు.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్‌నెట్ వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా 1995 ఆగస్టు 15న మొదలైంది. గోదావరి జిల్లాల్లో మా తరం దాన్ని చూసింది నెట్ సెంటర్లలో. చెక్క అరల మధ్య కంప్యూటర్లు, గంటకింత అని లెక్క. నాతోటివాళ్లు మెయిల్ ఐడీలు చేసుకుంటుంటే, నేను పేజీ మీద మౌస్ కుడివైపు మీట నొక్కితే వచ్చే "వ్యూ సోర్స్" అనే వరుసను కనిపెట్టాను. అది నొక్కితే ఆ పేజీ ఎలా కట్టారో మొత్తం అక్షరాలా కనిపిస్తుంది. దాపరికం లేదు. ఇంత బాహాటంగా తన గుట్టు విప్పి చూపించే విద్య నేను ఇంకోటి చూడలేదు. ఎవరి పేజీ బాగుందనిపిస్తే వాళ్ల పేజీ తెరిచి, చూసి, నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, ఇంటికొచ్చి అర్థం చేసుకున్నాను. కోర్సు కాదు, సర్టిఫికెట్ కాదు. నా చదువు అదే.

అప్పట్లో పేజీని తీర్చిదిద్దడం చాలా మొరటు పని. లెక్కల పట్టికల కోసం పెట్టిన గళ్లను తీసుకుని వాటిలో బొమ్మలు, వాక్యాలు ఇరికించేవాళ్లు. ఎడం కావాలంటే కంటికి కనిపించని చుక్కంత బొమ్మను సాగదీసి మధ్యలో పెట్టేవాళ్లు. దీనికి మందు సీఎస్‌ఎస్. హోకన్ వియుమ్ లీ అనే నార్వే దేశస్థుడు 1994 అక్టోబరులో, సెర్న్‌లోనే ఉండగా, ఆ ఆలోచన బయటపెట్టాడు. బెర్ట్ బోస్‌తో కలిసి దాన్ని పెంచాడు. 1996 డిసెంబరులో అది ప్రమాణమైంది. పేజీలో ఏముందన్నది ఒకచోట, అది ఎలా కనిపించాలన్నది ఇంకోచోట రాస్తారు. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది ఏమిటంటే, కనిపించే తీరులో రాసేవాళ్లకు ఎంత హక్కుందో చదివేవాళ్లకూ అంత హక్కు ఉండాలని మొదట్లోనే అనుకోవడం. మా నాన్నగారు ఫోన్‌లో అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని చదువుతారు. ఆయన అలా పెంచుకోగానే నేను గీసిన అమరిక చెదిరిపోతే, ఆయన పెంచుకోవడం తప్పా, నా అమరిక తప్పా? నా లెక్క ప్రకారం అమరికదే తప్పు. పేజీలో సగం ఆయనది.

2000లో జాన్ ఆల్‌సాప్ అనే ఆస్ట్రేలియా రచయిత ఎ లిస్ట్ ఎపార్ట్ అనే పత్రికలో ఇదే ధోరణిలో ఒక వ్యాసం రాశాడు. కాగితం మీద అచ్చేసినట్టు ప్రతి గీతా మన చెప్పుచేతల్లో ఉండాలనే పట్టుదల వదలండి, ఏ తెరకైనా ఒదిగిపోవడం వెబ్‌కు ఉన్న బలం, లోపం కాదు అని. పదేళ్ల తర్వాత, 2010 మేలో, అదే పత్రికలో ఈథన్ మార్కాట్ ఆ పని ఎలా చెయ్యాలో చేసి చూపించాడు. రెస్పాన్సివ్ డిజైన్ అని ఇప్పుడు అందరూ అనేది అదే. గోడంత తెరలోనైనా అరచేతిలోనైనా ఒకే పేజీ ఒదగాలి. చాలామంది మొదటి కంప్యూటర్ ఫోనే అయిన మన దేశానికి ఆ వ్యాసం చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఇక తెలుగు. ఇక్కడ నేను కాస్త ఆగుతాను.

తొలిరోజుల్లో తెలుగు వెబ్‌సైట్లలో ఒక్కో పత్రికది ఒక్కో ఫాంట్. వాళ్ల ఫాంట్ దించుకుంటేనే వాళ్ల వార్తలు కనిపించేవి. అసలు లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల సంకేతాలే, పైన తెలుగు ముసుగు. ముసుగు తీస్తే అర్థంలేని గీతలు. అలా రాసిన పేజీల్లో ఏ మాటా వెతికితే దొరకదు, ఫాంట్ పోతే పేజీ పోయినట్టే. యూనికోడ్ వచ్చి తెలుగుకు తన సొంత చోటు ఇచ్చింది, 128 గదుల వరుస. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన అనే ఫాంట్లు చేసిచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. లేఖిని అనే పేజీ తెరిచి ఇంగ్లిషు మీటలతో తెలుగు రాయడం ఒక తరం నేర్చుకుంది. ఆ తర్వాత సిలికానాంధ్ర వాళ్లు మండలి, రామభద్ర, సురవరం, గురజాడ, గిడుగు ఇలా పేర్లు పెట్టి చాలా ఫాంట్లు ఎవరైనా వాడుకునేలా విడుదల చేశారు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరు మీద, ఎవరి పేజీలోనైనా ఉచితంగా వాడుకోగల అక్షరాలుండటం ఎంత సబబుగా ఉందో. నేను దాన్ని వాడినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను.

చోటు దొరికింది సరే, తెలుగు అక్షరం నడక వేరు. "రాష్ట్రం" అన్న మాట తీసుకోండి. కంటికి కనిపించేది మూడో నాలుగో రూపాలు కాదు, రెండే: "రా", "ష్ట్రం". కంప్యూటర్ లోపల అవి 8 సంకేతాలు. ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న. ఈ ఎనిమిదింటినీ చదివి, ఏది ఏ వత్తుగా మారాలో, ఏది ఎక్కడ కూర్చోవాలో లెక్కగట్టి బొమ్మ వెయ్యాలి. ఈ లెక్క ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. మన "జ్ఞా" అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తుతో కలిసి వస్తే, ఐఫోన్లలో మెసేజ్‌ల యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెల 19న ఆపిల్ కొత్త వెర్షన్ విడుదల చేసి దాన్ని సరిచేసింది. అప్పుడు చాలామంది దాన్ని వింతవార్తగా చదివారు. నాకు మాత్రం దిగులు వేసింది. కోట్లమంది మాట్లాడే భాషలోని ఒక మామూలు అక్షరాన్ని ఆ దారిన ఎవరూ ముందుగా పరీక్షించి చూడలేదన్నమాట.

అంత పెద్ద సంగతి కాకపోయినా, రోజూ కంట్లో నలుసులా గుచ్చుకునేది ఇంకొకటుంది. బటన్ మీద "స్త్రీలు" అని రాస్తారు. పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, దానికింద రవత్తు. బటన్ ఎత్తు ఇంగ్లిషు అక్షరాల కొలతకు కట్టి ఉంటుంది. వత్తులు తెగిపోతాయి. రెండు వరుసలుంటే పై వరుస వత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. దీనికి మందు చాలా తేలిక. బటన్‌కు ఇంత ఎత్తు అని బిగించకుండా లోపలి మాట ఎంతుంటే అంత పెరగనివ్వాలి, వరుసల మధ్య ఎడం ఇంగ్లిషుకు ఇచ్చేదానికన్నా ఎక్కువ ఇవ్వాలి. రెండు వరుసల కోడ్ అంతే. కానీ తెలుగులో పేజీ కట్టి, పక్కన కూర్చుని చదివితేనే అది అవసరమని తోస్తుంది. ప్రభుత్వ పథకం పేరు తెగిపోయి కనిపిస్తే, చదివే పెద్దావిడ తన కళ్లదే లోపం అనుకుంటుంది. అది నేను తట్టుకోలేను.

ఇప్పుడు ఒక పేజీ కథ. తూర్పుగోదావరిలో కడియం నర్సరీలు తెలియనివాళ్లుండరు. కడియపులంకలో మా మావయ్యకు ఓ నర్సరీ ఉంది. దానికి వెబ్‌సైట్ కడతానన్నాను. కట్టడానికి ముందు ఆయన కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చే ఫోన్లన్నీ విన్నాను. కర్ణాటక నుంచి, ఒడిశా నుంచి, నాగపూర్ నుంచి ఫోన్లు. ఎవరూ పువ్వు రంగు అడగరు. ఏ కవరులో ఉంది, ఎంత ఎత్తుంది, ఎన్ని మొక్కలున్నాయి, లోడు ఎప్పుడెత్తుతారు, ఇవే ప్రశ్నలు. నర్సరీలో ధర మొక్క పేరును బట్టి మాత్రమే కాదు, అది పెరుగుతున్న ప్లాస్టిక్ కవరు సైజును బట్టి ఉంటుంది. ఒకే మందార చిన్న కవరులో ఒక ధర, పెద్ద కవరులో ఇంకో ధర.

"అమ్మాయ్, పువ్వు బొమ్మ చూసి ఎవడూ లారీ పంపడు. కవరు సైజు రాయి, ఎత్తు రాయి" అన్నాడు మావయ్య.

"అలాగే మావయ్యా. రేటు కూడా పెట్టమంటావా?"

"రేటు రోజుకోలా ఉంటది. ఫోన్ చెయ్యమను. మాట్లాడితేనే కదా బేరం."

ఈ రెండు మాటల్లో పేజీ మొత్తం ఉంది. పైన ఫోన్ నంబరు, తాకితే నేరుగా కాల్ వెళ్లేలా. కింద ఒక పట్టిక: మొక్క పేరు, కవరు సైజు అంగుళాల్లో, ఎత్తు అడుగుల్లో, ఉన్నాయా లేవా. పట్టికను కవరు సైజుల వారీగా పేర్చాను. బొమ్మలు కింద, కావాలన్నవాళ్లకే. ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది, దాన్ని తెరకు సరిపడేంతకు కుదిస్తే వంద కేబీలోపే వస్తుంది, చూసే కంటికి తేడా తెలియదు. లారీ డ్రైవర్లు హైవే పక్కన ఆగి, ఒక గీత సిగ్నల్‌లో చూసే పేజీ అది. బరువు తగ్గించడం అక్కడ మర్యాద. అక్షరాలు లేతబూడిద రంగులో పెడితే గదిలో అందంగానే ఉంటాయి, మొక్కల మధ్య మిట్టమధ్యాహ్నం ఎండలో ఏమీ కనపడవు. అక్షరానికీ వెనకాల రంగుకీ వెలుగులో కనీసం 4.5 కి 1 చొప్పున తేడా ఉండాలని వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2008లోనే చెప్పింది. నేను అంతకన్నా చాలా ఎక్కువే పెట్టాను, తెల్లటి మీద నల్లటివి. నర్సరీ గుమాస్తా లెక్కల షీట్‌లో "ఉన్నాయి" తీసి "అయిపోయాయి" అని మారిస్తే చాలు, పేజీలో మారిపోతుంది. యాప్ చేయించమని కొందరు మావయ్యకు సలహా ఇచ్చారు. ఏడాదికి ఒకసారి లారీ పంపే మనిషి ఫోన్‌లో యాప్ ఎందుకు పెట్టుకుంటాడు? చిన్న వ్యాపారాల్లో చాలావాటికి యాప్ అక్కర్లేదు, తేలికైన ఒక మంచి పేజీ చాలు. ఇది నా వృత్తిలో కొందరికి నచ్చని అభిప్రాయం, అయినా నాది ఇదే.

ఆ స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నదే సోమవారం ఆఫీసుకు తీసుకెళ్తాను. అక్కడ మేం కొత్త డిజైన్లు జనం చేతికిచ్చి పక్కన కూర్చుని చూస్తాం. ఐదుగురితో పరీక్షిస్తే చాలావరకు చిక్కులు బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు, నా అనుభవంలోనూ అంతే. ఒకసారి ఒక రిటైర్డ్ మాస్టారు నీలిరంగులో ఉన్న శీర్షికను పదేపదే నొక్కుతున్నారు. ఎందుకు మాస్టారూ అంటే, "నీలంగా ఉన్నవన్నీ నొక్కాలని మీరే కదమ్మా ఇన్నేళ్లుగా అలవాటు చేశారు" అన్నారు. నిజమే. అప్పటినుంచి నా పేజీల్లో నొక్కడానికి వీల్లేనిదేదీ నీలంగా ఉండదు.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి, చెవితో చదివే పేజీ గురించి చెప్పకుండా వెళ్లలేను. చూపు లేనివాళ్లు ఫోన్‌లో, కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ వాడతారు. అది పేజీని పైనుంచి కిందికి గట్టిగా చదివి వినిపిస్తుంది. పేజీ మొదట్లో, ఇది తెలుగు పేజీ అని చెప్పే రెండక్షరాలు ఉంటాయి, ఇంగ్లిషు "టీ", "ఈ". అవి రాయకపోతే స్క్రీన్ రీడర్ చాలాసార్లు తెలుగును ఇంగ్లిషు గొంతుతో చదవబోయి, రాక, మాటలు మింగేస్తుంది. రాస్తే తెలుగు గొంతు అందుకుంటుంది. రెండే అక్షరాలు. తెలుగులో పెద్ద పెద్ద వెబ్‌సైట్ల సోర్స్ తెరిచి చూస్తే, ఆ చోట ఇంగ్లిషు గుర్తు అలాగే ఉండిపోవడం ఇప్పటికీ కనిపిస్తుంది. అలాగే ప్రతి బొమ్మ వెనకా అందులో ఏముందో చెప్పే ఒక వాక్యం రాయాలి. నేను ఏ పేజీ కట్టినా చివర్లో కళ్లు మూసుకుని స్క్రీన్ రీడర్‌తో మొత్తం వింటాను. వినడానికి వరుస కుదిరిన పేజీ చూడ్డానికీ కుదురుతుంది. కుదరకపోతే రంగులెన్ని వేసినా ప్రయోజనం లేదు.

ఈ వృత్తిలోకి తమ పిల్లలు ఎలా రావాలని అమ్మానాన్నలు నన్ను అడుగుతుంటారు. అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ అనే జాతీయ డిజైన్ విద్యాసంస్థ 1961 నుంచి ఉంది, ఐఐటీ బొంబాయిలో ఐడీసీ అనే డిజైన్ విభాగం 1969 నుంచి ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు సొంత ఎన్‌ఐడీ 2015లో వచ్చింది. మంచి చోట్లు. సీటు వస్తే చదవండి. రాకపోయినా దారి మూసుకుపోలేదు, నేను అలా వచ్చినదాన్నే. నేను చేరినప్పుడు ఈ ఉద్యోగాన్ని వెబ్ డిజైనర్ అన్నారు, తర్వాత యూఐ అన్నారు, యూఎక్స్ అన్నారు, ఇప్పుడు ప్రొడక్ట్ డిజైనర్ అంటున్నారు. ఇప్పుడు నాలుగు మాటలు చెబితే పేజీ మొత్తం రాసిచ్చే కృత్రిమ మేధ యంత్రాలూ వచ్చాయి. అవి రాసింది నేనూ తీసుకుంటాను, కానీ ప్రతి వరుసా చదివే తీసుకుంటాను. మావయ్య కవరు సైజు సంగతి వాటికి తెలియదు, ఎవరో వెళ్లి ఆ స్టూలు మీద కూర్చోవాలి.

మిగిలిన కొద్ది నిమిషాల్లో మీచేత ఒక పేజీ రాయిస్తాను. కాగితం, పెన్ను తీసుకోండి. కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి తర్వాత ఎక్కించుకోవచ్చు. లెక్కల్లో చిన్నది అనడానికి వాడే లెస్ దాన్ గుర్తు, పెద్దది అనడానికి వాడే గ్రేటర్ దాన్ గుర్తు తెలుసు కదా. ప్రతి ఆజ్ఞ ఆ రెంటి మధ్యా ఉంటుంది. మొదటి వరుస: లెస్ దాన్, ఆశ్చర్యార్థకం, డాక్‌టైప్, ఖాళీ, హెచ్‌టీఎంఎల్, గ్రేటర్ దాన్. రెండో వరుస: లెస్ దాన్, హెచ్‌టీఎంఎల్, ఖాళీ, లాంగ్ అంటే ఎల్, ఏ, ఎన్, జీ, ఈక్వల్ గుర్తు, కోట్స్‌లో టీ, ఈ, గ్రేటర్ దాన్. ఇందాక చెప్పిన రెండక్షరాలు ఇవే. మూడో వరుస: లెస్ దాన్, మెటా, ఖాళీ, చార్‌సెట్, ఈక్వల్ గుర్తు, కోట్స్‌లో యూటీఎఫ్, అడ్డగీత, 8, గ్రేటర్ దాన్. తెలుగు అక్షరాలు తెలుగుగానే కనిపించడానికి ఇది. నాలుగో వరుస: లెస్ దాన్, హెచ్, 1, గ్రేటర్ దాన్, తర్వాత మీ ఊరి పేరు తెలుగులో, మళ్లీ లెస్ దాన్, ఏటవాలు గీత, హెచ్, 1, గ్రేటర్ దాన్. అది శీర్షిక. ఐదో వరుస: లెస్ దాన్, పీ, గ్రేటర్ దాన్, ఆ తర్వాత మీ ఊరి గురించి మీకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటి, పెద్ద వాక్యంగా రాయండి.

ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అనే పేరుతో, యూటీఎఫ్ 8 ఎంచుకుని, సేవ్ చెయ్యండి. ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని ప్లస్ కొడుతూ పోండి. అక్షరాలు పెరిగేకొద్దీ మీ వాక్యం విరిగి కింది వరుసలోకి దిగుతుంది, తెర దాటి పోదు. అలా విరగమని మీరు ఎక్కడా రాయలేదు, అది పేజీ స్వభావం. అది చూశాక రెండో వాక్యం రాయండి.